మాటల్లో చెప్పడం చేతకానివాళ్లకు పాట, స్పర్శ చాలవా?

నోరులేనివాడు
మా ఆవిడతో గొడవ ఎప్పుడూ ఒకటే. "నీ మనసులో ఏముందో నోరు తెరిచి చెప్పు" అంటుంది. నాకు రాదు. చెప్పకూడదని కాదు, గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. అన్నయ్య పోయాక ఇది మరీ ముదిరింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఏడ్చెయ్, గుండె బరువు దిగుతుంది" అన్నారు. కంట చుక్క రాలేదు. వీడేం మనిషిరా అన్నట్టు చూశారు. చాలాకాలం తర్వాత ఒకసారి కారు రోడ్డు పక్కన ఆపి, అన్నయ్య ఎప్పుడూ ఈల వేసే పాట పెట్టుకున్నాను. మొదటి చరణం పూర్తికాకముందే వెక్కివెక్కి ఏడ్చాను.

ఇంకోటి. ఆమెకు ఒంట్లో బాగోలేకపోతే పక్కన కూర్చుని కాళ్లు పడతాను, తల నిమురుతాను. నా దృష్టిలో అది మాట్లాడటమే. ఆమె మాత్రం "కాళ్లు పట్టమని ఎవరడిగారు, నీకేమైందో చెప్పు" అంటుంది. కౌన్సెలింగ్‌కి వెళ్తే అక్కడా అదే వరస, "మాటల్లో పెట్టండి" అని.

పాటతోనో చేత్తోనో బయటపెట్టుకుంటే అది లెక్కలోకి రాదా? లేక నేను నిజంగానే తప్పించుకు తిరుగుతున్నానా?

తాళంపోయింది
కాళ్లు పట్టే మొగుడి మీద కూడా ఫిర్యాదా! ఈ లింకు మా ఇంటాయనకి పంపిస్తున్నా.

సలహాలపెట్టె
మొహమాటం లేకుండా చెప్తా. తప్పించుకోవడమే. కారులో ఒంటరిగా ఏడిస్తే మీకు తేలికైంది, సరే. ఆవిడకేం తెలిసింది? మీరు ఏడ్చారన్న సంగతైనా తెలుసా?

నోరులేనివాడు
తెలియదు.

సలహాలపెట్టె
అదీ సంగతి.

నిద్రపోరేం
పాపం, ఆయన్ని అప్పుడే బోనెక్కించకండి. ముందు తనకి కాస్త ఊపిరాడితేనే కదా ఇంకొకరితో మాట్లాడేది.

శాస్త్రంచెప్పు
స్పర్శ లెక్కలోకి వస్తుందా అంటే, వస్తుంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ హెర్టెన్‌స్టీన్, ఆయన బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. ఇద్దరు అపరిచితులు, మధ్యలో అడ్డుతెర. ఒకరు తెరలోంచి ముంజెయ్యి చాపుతారు. రెండోవాళ్లు ఆ ముంజేతిని తాకి, చెప్పిన భావాన్ని అందించాలి. మాట లేదు, మొహం కనపడదు. అయినా కోపం, భయం, అసహ్యం, ప్రేమ, కృతజ్ఞత, సానుభూతి, ఈ ఆరింటినీ అవతలివాళ్లు గుర్తుపట్టారు. ఏదో గాల్లో రాయి వేసి చెప్పినట్టు కాదు, దానికంటే బాగా ఎక్కువగా.

ముక్కూమొహం తెలియనివాళ్ల చెయ్యే అంత చెప్తే, ఏళ్లతరబడి కలిసి ఉన్న మనిషి చెయ్యి చెప్పదా?

అటువైపుమనిషి
నోరులేనివాడు గారి ఆవిడ ఉన్న చోటే నేనూ ఉన్నా, కాబట్టి ఆ పక్క నుంచి చెప్తా. మా ఆయనా ఇంతే. బాధ వస్తే నా చెయ్యి పట్టుకుంటాడు, మాట ఉండదు. పట్టు చూస్తేనే నాకు తెలుస్తుంది ఏదో బాగోలేదని. కానీ ఏది? ఆఫీసులో ఏమైనా అయిందా, వాళ్లమ్మ ఆరోగ్యమా, అప్పా, నా మీద కోపమా? చెయ్యి అది చెప్పదు. రాత్రంతా నేను కూర్చుని ఊహించుకోవాలి. నా ఊహలన్నీ ఆయన అసలు బాధకంటే ఘోరంగా ఉంటాయి. చెయ్యి పట్టుకున్న మనిషికి హాయి, చెయ్యి ఇచ్చిన మనిషికి టెన్షన్.

నోరులేనివాడు
ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు.

శాస్త్రంచెప్పు
అటువైపుమనిషి గారి మాటకి బలం అదే ప్రయోగంలో ఉంది. అసూయ, గర్వం, సిగ్గు లాంటివి చేతి ద్వారా అందలేదు. తన గురించి తనకే కలిగే భావాలు చర్మం మీదుగా దాటవన్నమాట. ఇంకా చిత్రం, ముంజెయ్యి మాత్రమే తాకితే దుఃఖం కూడా సరిగా తెలియలేదు. 2009లో మళ్లీ చేసినప్పుడు ఒంటి మీద ఎక్కడైనా తాకవచ్చు అన్నారు, అంటే కౌగిలించుకోవడం, భుజం మీద వాలడం అన్నమాట. అప్పుడు సంతోషం, దుఃఖం కూడా గుర్తుపట్టారు.

కాబట్టి కాళ్లు పడితే ప్రేమ అందుతుంది, అన్నయ్య గురించిన దిగులు అందదు. దానికి ఆవిడ భుజం మీద తల వాల్చాలి.

తాళంపోయింది
తల వాల్చమంటే మా ఆయన గురక పెడతాడు. అది ఏ భావం కిందకి వస్తుందో.

వేళ్లచివర
అందరూ స్పర్శ వేరు, సంగీతం వేరు అన్నట్టు మాట్లాడుతున్నారు. వాయించేవాళ్లకి రెండూ ఒకటే. నేను వీణ వాయిస్తాను, కచేరీ స్థాయి కాదు, ఇంట్లోనే. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు కొసల మీద తీగ కోసిన గాట్లు గట్టిపడి ఉంటాయి. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగని మెట్టు మీద నొక్కి పక్కకి లాగాలి. ఎంత లాగితే స్వరం అంత పైకి వెళ్తుంది. కోపంగా ఉన్న రోజు నాకు తెలియకుండానే ఎక్కువ లాగేస్తాను, శ్రుతి పైకి జారుతుంది. దిగులుగా ఉన్నప్పుడు వేలు తీగని వదలదు, స్వరం మీద అలా ఆగిపోతుంది. ఇవాళ మనసు బాగోలేదని నాకంటే ముందు వేలికి తెలుస్తుంది.

వినడం కాదు, ఏదో ఒకటి వాయించమనండి. డప్పైనా సరే.

నోరులేనివాడు
నాకు సంగీతం అ ఆ లు కూడా రావు.

వేళ్లచివర
రాకపోతేనే మంచిది. వస్తే తప్పొప్పులు పట్టుకుని కూర్చుంటారు. బల్ల మీద దరువు వేయడానికి అ ఆ లు ఎందుకు?

నాలుగువందలముప్పైరెండు
అందరూ ఒక ముఖ్యమైన విషయం మర్చిపోయారు. 432 హెర్ట్జ్, అంటే సెకనుకి 432 అదుర్ల శ్రుతిలో ఉన్న సంగీతమే మనసుని నయం చేస్తుంది. ఇప్పుడు వాడే 440 మనిషిని ఆందోళనలో పెట్టడానికి తెచ్చిన శ్రుతి. నేను మారాక నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది.

శాస్త్రంచెప్పు
వచ్చారా. మీ పేరు చూసినప్పుడే అనుకున్నా. వాద్యాలు తయారుచేసేవాళ్లు, వాయించేవాళ్లు తలో శ్రుతి పెట్టుకోకుండా ఉండటానికి 1939లో లండన్‌లో కూర్చుని పాశ్చాత్య సంగీతంలోని 'ఏ' స్వరానికి 440 అని ఒప్పుకున్నారు. కుట్రేం లేదు. పైగా 440కి, 432కి తేడా అర్ధస్వరంలో, అంటే వీణ మీద పక్కపక్క మెట్ల మధ్య తేడాలో, మూడో వంతు లోపే. మామూలు చెవికి రెండూ పక్కపక్కన వినిపిస్తే తప్ప తెలియదు.

వేళ్లచివర
మన సంగీతానికి అసలు ఈ గొడవే లేదు. ఎవరి గొంతుకి ఏ శ్రుతి సరిపోతే అదే వాళ్ల ఆధార షడ్జం, అంటే 'స'.

నాలుగువందలముప్పైరెండు
మరి నాకు నిద్ర ఎందుకు పడుతోంది?

శాస్త్రంచెప్పు
పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదైన సంగీతం వింటున్నారు కాబట్టి. 440 పెట్టుకున్నా పడుతుంది.

మోడరేటర్
హెర్ట్జ్ గొడవకి ఇంతకుముందే పొడుగాటి థ్రెడ్ ఉంది. దయచేసి అక్కడికి. ఇక్కడ విషయం వేరు.

రాత్రిడ్యూటీ
నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సుని. నోరులేనివాళ్లతోనే నా ఉద్యోగం కాబట్టి ఒక మాట.

కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర్లో ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటాం. గతిలేక పట్టిన దారి చివరికి మంచి వైద్యమే అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపించిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే అలా ఎదకి చేర్చితే మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి.

ఇది తల్లులకే కాదు, తండ్రులకీ చెప్తాం. తండ్రులు భయపడతారు. ఒకాయన నాకు బాగా గుర్తు. మా వార్డుకి వచ్చిన ప్రతిసారీ గోడకి ఆనుకుని నిలబడేవాడు, ఒక్క ప్రశ్న అడిగేవాడు కాదు. బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పించి, బిడ్డని ఛాతీ మీద పెట్టి దుప్పటి కప్పాం. బిగుసుకుపోయాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. నేనే ఆయన అరచెయ్యి తీసి బిడ్డ వీపు మీద ఆనించాను. వీపు మొత్తం ఆ అరచేతిలోకి సరిపోయింది. కాసేపటికి ఏదో సన్నగా కూనిరాగం మొదలుపెట్టాడు, పదాలు లేవు. మానిటర్ మీద బిడ్డ గుండె వేగం నిదానించడం చూశాను. ఆ తర్వాతే ఆయన నోరు విప్పి మొదటి ప్రశ్న అడిగాడు: "బతుకుతుందా?" అన్ని రోజులూ గొంతులో పెట్టుకుని తిరిగింది ఆ ప్రశ్నే అన్నమాట.

అటువైపుమనిషి
చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డ ఎలా ఉంది?

రాత్రిడ్యూటీ
ఇంటికి వెళ్లింది.

నిద్రపోరేం
కూనిరాగం సంగతి నిజం. మా చిన్నదానికి ఎంత బతిమాలినా ఏడుపు ఆపదు. ఒళ్లో వేసుకుని జోకొడుతూ పాడితే ఆపుతుంది. నేను పాడేదాన్ని పాట అనరు, అయినా సరే. మాట్లాడితే కంటే పాడితే పిల్లలు ఎక్కువసేపు ఏడవకుండా ఉంటారని ఎక్కడో చదివాను. శాస్త్రంచెప్పు గారూ, ఉందా అలాంటిది?

శాస్త్రంచెప్పు
ఉంది. మాంట్రియల్‌లో చేశారు. మాటలు వినిపిస్తే నాలుగు నిమిషాల చిల్లర, పాట వినిపిస్తే దాదాపు తొమ్మిది నిమిషాలు ఏడుపు మొహం పెట్టకుండా ఉన్నారు. అదీ పిల్లలకి తెలియని భాషలో పాట.

జోకొట్టడం, నిమరడం గురించి ఇంకొకటి. వెంట్రుకలు ఉండే చర్మంలో సి-టాక్టైల్ అనే నరాల పోగులు ఉంటాయి. ఇవి నింపాదిగా కబురు మోసే రకం. వేడి తగిలిందనో ముల్లు గుచ్చుకుందనో చెప్పడం వీటి పని కాదు, సున్నితంగా నిమిరితే స్పందిస్తాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే బాగా పలుకుతాయి. చెయ్యి మన ఒంటి వేడితోనే ఉండాలి. అంతకంటే గబగబా రుద్దినా, ఒకేచోట పెట్టేసినా అంతగా పలకవు. ఎవరూ నేర్పకుండానే తల్లులు ఈ వేగంలోనే నిమురుతారు.

తాళంపోయింది
సెకనుకి సెంటీమీటర్లు కొలుస్తూ నిమిరితే ప్రేమ కాదు, టైలరింగ్.

ముట్టుకోవద్దు
ఇంతసేపూ ఆగాను. ఇక్కడ అందరికీ స్పర్శ అంటే హాయి అన్నట్టే నడుస్తోంది. నాకు కాదు. ఎవరైనా అలా మెల్లగా నిమిరితే ఒంటి మీద పురుగు పాకినట్టుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. బంధువులంతా బుగ్గలు గిల్లి, దగ్గరికి లాక్కుని, నేను విదిలించుకుంటే "పొగరు" అనేవాళ్లు. టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ గురించి చదివాకే నాలాంటివాళ్లు ఉన్నారని తెలిసింది. ఆటిజం ఉన్న శాస్త్రవేత్త. మనుషులు కౌగిలించుకుంటే భరించలేక, పశువుల్ని కదలకుండా పట్టి ఉంచే బోను చూసి, తనకి తానే రెండు పలకల మధ్య ఒత్తిపెట్టుకునే యంత్రం 1960లలో తయారుచేసుకుంది. సున్నితమైన తాకిడి గుచ్చుకుంటుంది, గట్టి ఒత్తిడి మాత్రం నెమ్మదినిస్తుంది. ఎంత ఒత్తాలో మీట తన చేతిలోనే ఉంటుంది. అసలు సుఖం అక్కడుంది.

నాకూ బరువైన దుప్పటి కప్పుకుంటే ప్రాణం లేచొస్తుంది. దయచేసి ఎవరినైనా ముట్టుకునే ముందు అడగండి. ఇంట్లోవాళ్లైనా సరే.

రాత్రిడ్యూటీ
నూటికి నూరుపాళ్లు. మేము పేషెంట్ భుజం మీద చెయ్యి వేసేముందు కూడా "పట్టుకోనా?" అని అడుగుతాం.

సలహాలపెట్టె
ఒప్పుకుంటా. నా వాదన కూడా దాదాపు అదే. మన భావం బయటపెట్టుకోవడానికి ఇంకొకరి ఒంటిని వాడుకోకూడదు.

కఠినశిల
నా కేసు ఇంకో రకం. స్పర్శ బాగానే ఉంటుంది, సంగీతమే ఏమీ చేయదు. అందరూ "ఆ చరణం దగ్గర ఒళ్లు జలదరిస్తుంది" అంటారు. నాకు ఫ్యాన్ చప్పుడూ అదీ ఒకటే. మిగతా విషయాల్లో మామూలు మనిషినే.

శాస్త్రంచెప్పు
మిమ్మల్ని మీరు రాయి అనుకోనక్కర్లేదు. నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు అలా ఉంటారని అంచనా. పాట వినపడుతుంది, శ్రుతి తేడా తెలుస్తుంది, సంతోషం మాత్రం కలగదు. మామూలుగా ఒళ్లు జలదరించే చోటు వచ్చినప్పుడే కాదు, అది వస్తోందని ఎదురుచూస్తున్నప్పుడే మెదడులో డోపమైన్ అనే సంతోషంతో ముడిపడ్డ రసాయనం విడుదలవుతుందని 2011లో తేల్చారు. మీలాంటివాళ్లలో పాట ఆ సంతోషపు భాగాన్ని అంతగా కదిలించదు. డబ్బు గెలిస్తే మాత్రం మీకూ అందరిలాగే ఆనందం కలుగుతుంది. ఆ పరీక్ష కూడా చేశారు.

కఠినశిల
డబ్బు పరీక్షకి నేను ఎప్పుడైనా సిద్ధం.

సలహాలపెట్టె
సంగీతం గురించి ఒక హెచ్చరిక కూడా ఉండాలి. మా దగ్గరివాళ్ల అబ్బాయి ప్రేమ చెడి, తలుపేసుకుని ఒకే విషాదగీతం రాత్రంతా తిప్పితిప్పి వినేవాడు. బయటికి రావడానికి కాదు, లోపలికి తవ్వుకుంటూ పోవడానికి. చూస్తుండగా మనిషి నీరసించిపోయాడు. పాట వింటే బాధ తీరుతుంది అనేవాళ్లు ఇదీ చూడాలి.

వేళ్లచివర
విషాదగీతం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. సంగీత చికిత్సలో దీనికో పాత పద్ధతి ఉంది, 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే మనోవైద్యుడు చెప్పింది. బాధలో ఉన్నవాడికి వెంటనే హుషారు పాట పెడితే చిరాకెత్తుతుంది. ముందు వాడి మనసుకి సరిపోయే పాటతోనే మొదలుపెట్టాలి. తర్వాతది కొంచెం తేలిక, ఆ తర్వాతది ఇంకొంచెం. అలా మెట్టు మెట్టుగా తీసుకురావాలి. ఒకే పాట తిప్పడం అంటే మొదటి మెట్టు మీదే కూర్చోవడం.

నా అలవాటు ఒకటి చెప్తా. చివరి పాట తర్వాత వెంటనే ఇంకేమీ పెట్టను. మౌనంగా ఉంటాను.

శాస్త్రంచెప్పు
ఆ మౌనానికి విలువుంది. 2006లో లూసియానో బెర్నార్డి బృందం రకరకాల సంగీతాలు వినిపించి గుండె, ఊపిరి కొలిచింది. వేగమైన సంగీతానికి రెండూ పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు ఏమీ వినిపించకుండా ఆపితే, మొదట్లో ఊరికే కూర్చున్నప్పటికంటే కూడా కిందకి దిగాయి. పాటకంటే పాట ఆగిన చోటే ఎక్కువ విశ్రాంతి దొరికిందన్నమాట.

తాళంపోయింది
మా ఇంట్లో టీవీ ఆపితే నాకు కలిగేది సరిగ్గా ఇదే.

ఒంటిగది
అంతా బాగానే ఉంది. ఒక్కడినే ఉండేవాడి సంగతేంటి? కాళ్లు పట్టడానికి మనిషి లేడు, తల వాల్చడానికి భుజం లేదు. వారాలు గడిచిపోతాయి, ఇంకో మనిషి చెయ్యి తగలకుండా. వాట్సాప్‌లో మాత్రం రోజుకి ఎనిమిది కౌగిళ్లు కావాలని ఫార్వార్డులు.

శాస్త్రంచెప్పు
ఎనిమిది అన్న అంకె ఎవరో అన్న మాటే, ఏ ప్రయోగమూ తేల్చింది కాదు. వదిలేయండి. మీకు పనికొచ్చేది ఇది. 2021లో కొందరిని కావాలని ఒత్తిడికి గురిచేశారు, తెలియనివాళ్ల ముందు మాట్లాడించి, లెక్కలు చేయించి. దానికి ముందు కొందరు 20 సెకన్లు ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నారు. కొందరిని వేరేవాళ్లు కౌగిలించుకున్నారు. ఏమీ చేయనివాళ్లకంటే ఈ రెండు గుంపుల్లోనూ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తక్కువగా ఉంది. అంటే సొంత చెయ్యి కూడా పని చేసింది.

2024లో 137 అధ్యయనాలు కలిపి చూసినప్పుడు ఇంకోటి తేలింది. ఎంతసేపు తాకారన్నదానికంటే ఎన్నిసార్లు అన్నదే ఎక్కువ లెక్క. మెత్తటి బొమ్మ, బరువు దుప్పటి లాంటివి ఒంటికి మేలు చేశాయి, మనసుకి మాత్రం మనిషి తాకినంత కాదు.

వేళ్లచివర
ఒంటిగది గారూ, దానికి కూనిరాగం కలపండి. పెదాలు మూసుకుని "మ్మ్" అంటూ ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా. అరచెయ్యి ఛాతీ ఎముక మీద ఉంచితే అదురు చేతికి తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, కూనిరాగం తీస్తే వదలడం పొడవవుతుంది.

ఒంటిగది
ఇప్పుడే చేశాను. పక్కింటివాళ్లు తలుపు కొట్టి ఏదైనా మోటార్ ఆన్‌లో ఉందా అని అడగలేదు కాబట్టి పర్వాలేదు. నిజంగా బాగుంది, వెటకారం కాదు.

నోరులేనివాడు
ఆదివారం జరిగింది చెప్తా. ఆ పాట ఈసారి ఇంట్లో పెట్టాను, ఆమె కూడా ఉన్నప్పుడు. పక్కన కూర్చుని తల ఆమె భుజం మీద పెట్టాను. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది మొదట. "ఏంటి, జ్వరమా?" అంది. కాదన్నాను. పాట సగంలో "ఇది బావగారు ఈల వేసేవారు కదూ" అని తనే అంది. ఊఁ అన్నాను. తర్వాత ఆమె ఏడ్చింది, నాకు రాలేదు. పాట అయ్యాక "ఆ రోజు హాస్పిటల్‌కి నేను లేటుగా వెళ్లాను" అన్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇంతలో ఆమెకి ఫోన్ వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. గొప్ప సంభాషణ ఏమీ కాదు.

అటువైపుమనిషి
గొప్ప సంభాషణ కాదా! ఏళ్లతరబడి ఊహించుకుంటూ కూర్చున్న మనిషికి ఆ ఒక్క వాక్యం ఎంతో మీకు తెలియదు.

సలహాలపెట్టె
చూశారా, చివరికి మాటే కావాల్సి వచ్చింది.

వేళ్లచివర
ఆ మాట రావడానికి పాట, భుజం కావాల్సి వచ్చాయి. మీ వైపు నుంచే ఎందుకు లెక్కేస్తారు?

సలహాలపెట్టె
సరే, సగం సగం.

రాత్రిడ్యూటీ
భుజం మీద తల పెట్టుకుని మాట్లాడితే ఇంకో లాభం. ఎదురెదురుగా కళ్లలోకి చూడక్కర్లేదు.

వినపడదుగానీ
చదువుతూ వచ్చా. నాకు రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి, మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి, పాట మాత్రం రేకుల మీద కంకర పోసినట్టే. అయినా సంగీతం నా జీవితంలోంచి పోలేదు. పెద్ద స్పీకర్ పెట్టె మీద అరచేతులు ఆనించి, చెప్పులు విప్పి నేల మీద నిలబడతాను. మృదంగం తొప్పి, అంటే ఎడమవైపు, మోత పాదాల్లోంచి పొట్టలోకి వస్తుంది, వలంతల, అంటే కుడివైపు, చప్పుడు వేళ్లకి తెలుస్తుంది. ఎవెలిన్ గ్లెనీ అనే ఆవిడ 12 ఏళ్లకల్లా దాదాపు పూర్తిగా వినికిడి పోయినా ప్రపంచం మెచ్చే తాళవాద్య కళాకారిణి అయింది. వేదిక మీద చెప్పులు లేకుండా వాయిస్తుంది, అదురు ఒంటికి తెలియడానికి. నాకు ఆ ధైర్యం ఆవిడ దగ్గర్నుంచే వచ్చింది.

తాళంపోయింది
"శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః" అన్నారు కదా. పాముకి చెవులెక్కడివి అని చిన్నప్పుడు మాస్టారుని అడిగి బెంచీ ఎక్కాను.

శాస్త్రంచెప్పు
బెంచీ ఎక్కించాల్సింది మిమ్మల్ని కాదు. పాముకి బయటికి చెవులు లేవు. దవడ నేలకి ఆనించి, నేల అదురుని ఆ ఎముక గుండా లోపలి చెవికి అందుకుంటుంది. వినపడదుగానీ గారు స్పీకర్ మీద చేతులు పెట్టినట్టే. మన చర్మంలోనూ అదురు పట్టుకునే పాసినియన్ కణికలు ఉన్నాయి, 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య అవి చాలా చురుకు. పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో మెదడులో వినడానికి ఉన్న భాగం ఇలాంటి అదురుకి కూడా స్పందిస్తుందని చూశారు.

నాలుగువందలముప్పైరెండు
200 నుంచి 300 అంటే 432లో సగం 216 అందులోనే ఉంది. గమనించండి.

మోడరేటర్
గమనించాం. 440లో సగం 220 కూడా అందులోనే ఉంది. ఇక చాలు.

కొత్తగాచేరా
ఈ పోస్టు కోసమే ఖాతా తెరిచాను. మా అమ్మకి వినికిడి తగ్గిపోతోంది. ఒకప్పుడు పొద్దున్నే పాడుకుంటూ పని చేసుకునేది, ఇప్పుడు పాడటం మానేసింది. "నా గొంతు నాకే వినపడట్లేదు, ఎందుకు" అంటుంది. అందరి మధ్యా కూర్చుని కూడా ఒంటరిగా ఉంటోంది. హెడ్‌ఫోన్లు పెట్టి చూశాం, తలనొప్పి అంది. ఏం చేయొచ్చు?

వినపడదుగానీ
ముందు చెవి డాక్టర్‌కి చూపించండి, గులిమి లాంటి చిన్న కారణాలు కూడా ఉంటాయి. హెడ్‌ఫోన్లు తీసేయండి, సౌండ్ పెంచి పెడితే మిగిలింది కూడా పాడవుతుంది. ఒక బెలూన్ ఊది ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టి, స్పీకర్‌కి దగ్గరగా కూర్చోబెట్టండి. బెలూన్ పల్చటి పొర మొత్తం అదురుతుంది. మృదంగమో తబలానో ఉన్న పాట ఎంచుకోండి, ఒట్టి వేణువు అయితే అంత తెలియదు.

వేళ్లచివర
ఆమెకి బాగా తెలిసిన పాట పెట్టండి. సగం జ్ఞాపకం నుంచి వస్తుంది, అదురు దానికి తోడవుతుంది. పాడేటప్పుడు తన చెయ్యి తన గొంతు కింద, ఛాతీ మీద పెట్టుకోమనండి, తన స్వరం ఎక్కడుందో చేతికి తెలుస్తుంది.

ముట్టుకోవద్దు
ఆమె చెయ్యి మీరు తీసి పెట్టకండి. చూపించండి, తనే పెట్టుకుంటుంది.

కొత్తగాచేరా
బెలూన్ సంగతి వింతగా ఉంది కానీ, మనవరాలి చేత ఇప్పిస్తే తీసుకుంటుంది. నేనిస్తే విసిరికొడుతుంది.